సుగుణమణి సాక్ష్యంలో లేనివి

గోదావరిఖనిలో ఒక వయసు దాటిన ఆడవాళ్లలో సుగుణమణి దగ్గర రవిక కటింగ్ నేర్చుకోనివాళ్లు తక్కువ. గని కార్మికుల భార్యలకు కుట్టు నేర్పే సెంటరులో ఆమె ఏళ్ల తరబడి టీచరమ్మగా పనిచేసింది. కత్తెర పట్టుకుంటే చేయి వణకడం, చంక దగ్గర గుడ్డ ముడతలు పడడం లాంటివి ఆమె ముందు చెల్లేవి కావు. వారమంతా నేర్పేది రవికలు. గురువారం చర్చిలో స్త్రీల సమాజం కూడినప్పుడు మాత్రం సాక్ష్యాలు నేర్పేది.

సాక్ష్యమంటే తెలియనివాళ్ల కోసం ఒక మాట. సంఘం ముందు నిలబడి, దేవుడు తనకు చేసిన మేలు నోరారా చెప్పుకోవడమే సాక్ష్యం. వినడానికి సులువే. కానీ మైకు చేతికిస్తే మన ఆడవాళ్లు అత్తగారి దగ్గర మొదలుపెట్టి ఆడబిడ్డ దగ్గర తేలతారు, దేవుడి దాకా రానే రారు. అందుకని సుగుణమణి దానికో కొలత పెట్టింది. ముందు ఒక వాక్యం చదవాలి, తర్వాత వచ్చిన కష్టం చెప్పాలి, ఆ కష్టంలో చేసిన ప్రార్థన, దానికి దొరికిన జవాబు చెప్పి స్తోత్రంతో ముగించాలి. అయిదు నిమిషాలు దాటకూడదు. "అత్త ముచ్చట్లు ఇంట్ల చెప్పుకోండ్రి, ఈడ అక్కెర లేదు" అని మొహమాటం లేకుండా కత్తిరించేసేది. కొందరి బతుకంతా అత్త ముచ్చట్లే. వాళ్లు పాపం రెండు నిమిషాలకే కూర్చునేవాళ్లు.

రెండేళ్ల కిందట ఆమె తన సాక్ష్యమే చెప్పుకోవాల్సి వచ్చింది. కడుపులో గడ్డ అన్నారు, క్యాన్సరన్నారు. హైదరాబాదులో ఆపరేషనయింది, మందులెక్కించారు, జుట్టంతా రాలింది. చివరికి రిపోర్టులో ఏమీ లేదన్న రోజు రాగానే తలకు గుడ్డ కట్టుకుని సంఘం ముందు నిలబడింది. ఆ రోజు చర్చిలో కళ్లు తుడుచుకోనివాళ్లు లేరు. ఎవరో దాన్ని ఫోనులో తీశారు. ఆ వీడియో నదిదాటి మంచిర్యాలకు, నస్పూర్‌కు, అటు కొత్తగూడెం దాకా వెళ్లింది. ముక్కూమొహం తెలియనివాళ్లు ఫోను చేసి "అక్కా, మాకోసం గుడ ప్రార్థన చెయ్యి" అని అడిగేవాళ్లు.

ఏడాది తిరిగేసరికి జబ్బు తిరిగొచ్చింది. ఈసారి కాలేయానికి పాకింది. హైదరాబాదు డాక్టరు మంచివాడు, దాచలేదు. ఇక నయం చేసే మందు లేదమ్మా, నొప్పి లేకుండా మాత్రం మేం చూసుకుంటాం, ఇంటి దగ్గరే ఉండండి అన్నాడు. సుగుణమణి తలూపింది. పక్క కుర్చీలో భర్త యోబు కూడా విన్నాడు.

విన్నాడంటే చెవులతో విన్నాడు. యోబు ముప్పై అయిదేళ్లు భూమిలోపల పనిచేసి రిటైరైన మనిషి. మాట తక్కువ. చర్చిలో చివరి బెంచీ ఆయనది. జన్మలో ఒక్కసారి కూడా లేచి సాక్ష్యం చెప్పలేదు గానీ, భార్య చెప్పిన సాక్ష్యాన్ని ఆమె కన్నా గట్టిగా నమ్మాడు. తిరుగు ప్రయాణంలో బస్సులో చాలాసేపు కిటికీలోంచి చూసి, "దేవుడు చేసిన పనిని మల్ల వాపసు తీస్కుంటడా సుగుణా? డాక్టర్ మాట డాక్టర్ చెప్పిండు. మనం చెప్పిన మాట మీద మనం నిలవడాలె" అన్నాడు. సుగుణమణి ఒళ్లో ఉన్న రిపోర్టుల కవరు మడిచి సంచిలో పెట్టుకుంది. జవాబు రాకముందే జవాబు వచ్చినట్టు ఒప్పుకోవాలి, అదే విశ్వాసమని స్త్రీల సమాజంలో అందరికీ నేర్పిందే ఆమె.

డాక్టరు నొప్పికి గోలీలు రాసిచ్చాడు. నొప్పి వచ్చేదాకా ఆగొద్దు, గడియారం చూసి నాలుగు గంటలకోసారి వేసుకోవాలని గట్టిగా చెప్పాడు. ఇంటికొచ్చిన మర్నాడు యోబు ఆ గోలీల అట్టను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. ప్రార్థన గుంపులో ఎవరో ఆయనతో అన్నారట, ఇవి ఇక చేసేదేం లేదని ఇంటికి పంపినవాళ్లకిచ్చే గోలీలని. "ఇవెందుకు సుగుణా, నువ్వు బాగైతున్నవు గద?" అని అడిగాడు. కోపంగా అడగలేదు. కోపంగా అడిగితే సుగుణమణి తట్టుకునేది, ఆమె నోరు తక్కువదేం కాదు. ఆ ఒక్క క్షణం ఆయన మొహం పసిపిల్లాడి మొహంలా అయిపోయింది. అది చూడలేక ఆమె గోలీలు కుట్టుమిషను సొరుగులో పడేసింది.

అప్పటినుంచి ఆ ఇంట్లో ఒక నాటకం మొదలైంది. కోడలు గ్లోరియాకు సంగతంతా తెలుసు. అత్త పెదవి కొరుక్కోవడం చూడగానే "మామయ్యా, కొత్తిమీర అయిపోయింది" అనేది. యోబు సంచి పట్టుకుని బజారుకెళ్లగానే సొరుగు తెరుచుకునేది. ఇల్లంతా కొత్తిమీర కట్టలే. అయినా ఒక మనిషిని రోజుకెన్నిసార్లని బజారుకు పంపుతారు? నాలుగు గంటలకోసారి వేసుకోవాల్సిన గోలి రోజుకు రెండుసార్లు పడితే గొప్ప. మిగతా వేళల్లో సుగుణమణి దిండు అంచు పళ్ల మధ్య పెట్టుకుని, యోబు ఇటు తిరిగితే నవ్వేది. ఈ కథంతా ఆ నవ్వు గురించే. ఆ నవ్వు ఆపి, బాగవడం లేదని మొగుడితో ఒక్క మాట చెప్పుకుని, నొప్పి లేకుండా నాలుగు రోజులు ఆయన పక్కన ఉండగలదా లేదా అన్నదే ఆమె ముందున్న ప్రశ్న.

ఇలా ఉండగా హైదరాబాదు ఆస్పత్రి నుంచి సారిక అనే అమ్మాయి ఫోను చేసింది. అమ్మాయిది మంచిర్యాలే. మాట వినగానే మన పిల్ల అని తెలిసిపోతుంది. ఇంటి దగ్గర ఉండిపోయిన పేషెంట్లతో వారానికోసారి వీడియోలో మాట్లాడడం ఆమె పని.

"అమ్మా, మీ జీవితం గురించి మీరు చెప్పాలె. నేను వింట, రికార్డు చేస్త, రాస్త. మీ గొంతు, మీ ఫోటోలు కలిపి ఇంటర్నెట్‌ల మీకొక పేజీ తయారు చేస్తం. దానికి తాళం ఉంటది. ఎవరు చూడాలె, ఎవరు చూడొద్దు అనేది పూర్తిగ మీ ఇష్టం. ఇట్ల చెప్పుకున్నంక మనసు తేలికైందని శానమంది అంటరు."

స్పీకరులో ఇదంతా విన్న యోబుకు ఒకే ఒక్క సంగతి అర్థమైంది. తన భార్య సాక్ష్యం ఇంటర్నెట్‌లో రాబోతోంది.

మొదటి గురువారం ఆ ఇంట్లో హడావిడి చూడాలి. యోబు గోడకు వాక్యాల క్యాలెండరు తగిలించాడు, కొత్త ట్యూబులైటు వేయించాడు. సుగుణమణికి తెల్లచీర కట్టించారు. సంఘకాపరి జాన్ ప్రసాద్ గారు ప్రారంభ ప్రార్థనకు వచ్చారు. స్త్రీల సమాజం నుంచి నలుగురు వచ్చి చాప మీద కూర్చున్నారు. ఫోను తెర మీద సారిక కనబడగానే అందరూ ఒక్కసారి "వందనాలండీ" అన్నారు. ఆ పిల్ల బిత్తరపోయి తనూ చేతులు జోడించింది. పాస్టరు గారి ప్రార్థన సారిక అడిగిన గంటలో సగం మింగేసింది.

అప్పుడు సుగుణమణి మొదలుపెట్టింది. ఇంట్లో ఎలా మాట్లాడినా, సాక్ష్యానికి నిలబడితే మనవాళ్ల నోట పుస్తకం భాషే వస్తుంది. "నేను మరణపడకలో ఉండగా ప్రభువు నన్ను దర్శించాడు. రెండవసారి కూడా ఆయన నన్ను ముట్టాడు. నేను సంపూర్ణ స్వస్థత పొందుకున్నాను" అంది. అయిదు నిమిషాలకు ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఇంట్లోవాళ్లంతా ఆమెన్ అన్నారు. యోబు కళ్లొత్తుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఆమెకు పక్కటెముకల కింద కత్తి తిప్పినట్టయింది. నవ్వింది.

సారిక అంతా రాసుకుంది. తర్వాత, "బాగా చెప్పిన్రమ్మా. ఒకటి అడగాల్నా? మీ పెండ్లి నాడు మీరు ఏం రంగు రవిక ఏసుకున్నరు?" అంది.

పాస్టరు గారు కళ్లు తెరిచారు. నెట్‌వర్క్‌లో ఏదో తేడా వచ్చిందనుకుని యోబు ఫోను దగ్గరికి వచ్చి తెర తుడిచాడు. సుగుణమణి చేయి తన రవిక అంచు మీదికి వెళ్లింది. నలభై ఏళ్లుగా సాక్ష్యాలు చెబుతోంది, చెప్పిస్తోంది, రవిక రంగు ఎవరూ అడగలేదు.

ఆ రాత్రంతా ఆ ప్రశ్న ఆమెను వదల్లేదు. రెండో గురువారం వచ్చేసరికి గ్లోరియాతో తలుపు వేయించింది. "సాక్ష్యం రికార్డయింది గద, ఇగ ఇవి చిల్లర ముచ్చట్లు, మగోళ్లకు అక్కెర లేదు" అని యోబును బయటికి పంపేసింది. ఆయన కూడా సరేనన్నాడు.

"ఎర్ర రవిక బిడ్డా," అంది ఫోను ముందు కూర్చోగానే. "చెప్త ఇను. మా దాంట్ల పెండ్లిపిల్లకు తెల్లచీర, తెల్లరవిక. నాకేమో ఎర్రది కావాలె. మా అమ్మ సస్తె ఒప్పుకోదు. నా రవిక నేనే కుట్టుకున్న గద, లోపల ఎర్ర గుడ్డ అస్తరేసి కుట్టిన. పైకి తెలుపే. నడుస్తుంటె చంక కాడ జరంత ఎర్ర కనవడేది. ఎవ్వలు చూడలె. నేనొక్కదాన్నే చూసుకున్న."

చెప్పి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్లూ కడుపులో ఎక్కడ కూర్చుందో ఆమెకే ఆశ్చర్యం. ఇందులో కష్టం లేదు, జవాబు లేదు, చివర చెప్పాల్సిన స్తోత్రమూ లేదు. స్త్రీల సమాజంలో ఎవరైనా ఇలాంటిది ఎత్తుకుంటే తనే కూర్చోబెట్టేది. ఎంతమందిని అలా కూర్చోబెట్టానో అని ఒక్క క్షణం మనసు చివుక్కుమంది.

తర్వాత ఆమెను ఆపడం సారిక తరం కాలేదు. నస్పూర్‌లో నాయిన డ్యూటీ నుంచి రాగానే తువ్వాలలో మూటగట్టి తెచ్చే జామకాయలు. గోదావరి దాటి ఇక్కడికి కాపురానికొచ్చిన కొత్తలో, మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగుకు గిన్నెలు గలగలమంటే భూకంపమని మంచం కిందికి దూరడం, యోబు ఆమెను కాళ్లు పట్టుకుని బయటికి లాగడం. సెంటరులో లస్మవ్వ అనే ఆమె కుట్టిన మొదటి రవికకు రెండు చేతులూ ఒకే వైపు రావడం. ఇవన్నీ చెబుతుంటే నొప్పి పోలేదు గానీ, ఇల్లంతా తనదే అన్నట్టు మధ్యలో కూర్చునే చుట్టంలాంటి నొప్పి కాస్త పక్కకు జరిగి కూర్చుంది.

మూడో గురువారం ఒక సంగతి చెప్పింది. కొడుకు డానీ పదో తరగతిలో ఉన్నప్పుడట. ఒకనాడు సెంటరుకు సెలవు. ఇంట్లో ఎవరూ లేరు. ఏం తోచిందో, చీర మార్చుకుని స్టేషనుకెళ్లి మంచిర్యాల రైలెక్కింది. అక్కడ పనేం లేదు, చుట్టాలను చూసేదీ లేదు. స్టేషను బయట బండి దగ్గర నిలబడి ఒక ప్లేటు మిర్చిబజ్జీలు తింది. కారానికి కళ్లలో నీళ్లొస్తే చాయ్ తాగింది. మళ్లీ రైలెక్కి ఇంటికొచ్చి అన్నం వండింది. ఎవరికీ చెప్పలేదు.

"నా బతుకుల మస్తు సంబురమైన దినం ఏదంటె గదే బిడ్డా," అంది. "పెండ్లి గాదు, పిలగాడు పుట్టింది గాదు. తప్పా?"

"తప్పెందుకైతదమ్మా?" అంది సారిక. "ఈ ముచ్చట ఎవరికి చెప్పాలనుంది మీకు?"

"మా ఆయనకు," అంది సుగుణమణి తడుముకోకుండా. అని, తనే ఉలిక్కిపడింది.

ఆ సాయంత్రం యోబు వెలిగిపోతున్న మొహంతో ఇంటికొచ్చాడు. చేతిలో కొత్తిమీర కూడా లేదు. ఆదివారం సంఘంలో కృతజ్ఞత కూటం పెట్టించాడట. చర్చి తెర మీద సుగుణమణి సాక్ష్యం వేస్తారట, అందరికీ భోజనాలట. "నస్పూర్ నుంచి ఒకామె వస్తున్నదంట సుగుణా. నీ బీమారే ఆమెకు. నీ ముచ్చట ఇంటె ధైర్యమొస్తదని పాస్టరు గారే పిలిచిండ్రు" అన్నాడు.

సుగుణమణి నవ్వబోయింది. ఈసారి నవ్వు రాలేదు. ఎక్కడో నస్పూర్‌లో ఒక ఆడమనిషి తనలాగే దిండు కొరుక్కుంటూ, ఆదివారం కోసం వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. ఆమె ముందు కొత్త ట్యూబులైటు కింద తెల్లచీరలో కూర్చున్న తను కనబడి సంపూర్ణ స్వస్థత అంటుంది. ఆమె ఇంటికెళ్లి తన గోలీలు కూడా ఏ సొరుగులోనో పడేస్తే? యోబుకు చెప్పకుండా చచ్చిపోవడానికి సుగుణమణి దాదాపు సిద్ధపడింది గానీ, దీనికి సిద్ధపడలేకపోయింది. అయినా నోరు పెగల్లేదు. ఆయన మొహం అంత వెలుగుతుంటే ఎలా పెగులుతుంది?

మర్నాడే సారికకు ఫోను చేయించింది. ఆదివారం సంగతంతా చెప్పి, "మొదటినాడు చెప్పింది ఎవ్వలకు పంపకు బిడ్డా. అది నాది గాదు" అంది.

"పంపనమ్మా. కాని మీ పెద్దాయనకు ఏం చెప్తరు?"

"గదే నాకు చాతనైత లేదు. ఆయన మొఖం చూస్తె నోట్లెకెళ్లి మాట వస్తలేదు."

సారిక కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "ఆయన మొఖం చూడకుంట చెప్పండమ్మా. ఇప్పుడు నాకు చెప్తున్నరు గద, నన్ను పక్కకు పెట్టున్రి. ఆయనకే చెప్తున్నట్టు చెప్పున్రి. నేను రికార్డు చేస్త. మధ్యల ఏం మాట్లాడ" అని తెర మీద తన బొమ్మ తీసేసింది. నల్లటి తెర మిగిలింది.

సుగుణమణి ఆ నల్లతెర వైపు చూస్తూ గొంతు సవరించుకుంది. అలవాటు చొప్పున నోటికి వాక్యం వచ్చింది. ఆపుకుంది.

"ఏమయ్యా," అంది. "నువ్వు బొగ్గుబాయి నుంచి వచ్చినప్పుడల్లా ఎట్లుండె ఇయ్యాల అని నేనడిగేది. ఏం లేదు, మంచిగనే ఉండె అనేటోనివి. ముప్పై అయిదేండ్లు గదే మాట. నీ అంగీలు ఉతికింది నేను, కుట్టింది నేను. మోచేతుల కాడ పిగిలిన్నాడు నువ్వు పాక్కుంట బయటవడ్డవని నాకెర్కనే. వీపు మీద అడ్డంగ చినిగిన్నాడు బొగ్గుపెళ్ల మీద వడి జారిందని ఎర్కనే. నీతోని పనిజేసే గట్టయ్య కాక బాయిల సచ్చిపోయిన్నాడు నీ అంగీ మీద నీది గాని రక్తమున్నది. ఆనాడు గుడ ఏం లేదన్నవు. నేను అడగలె. అడిగితె మల్ల నువ్వు బాయిల దిగలేవని అడగలె. చెప్తె నేను మల్ల పంపనని నువ్వు చెప్పలె. గట్ల ఎల్లదీసినం. అప్పుడు నడిచిందయ్యా, ఎందుకంటె డ్యూటీ దిగినంక నువ్వు ఇంటికొచ్చేటోనివి.

"గిప్పుడు నేను నీ లెక్కనే చేస్తున్న. నువ్వు అడుగుతవు, మంచిగనే ఉన్న అంట. కాని నేను పోయే కాడికెళ్లి మల్ల ఇంటికి రాను. గిప్పుడు గుడ ఏం లేదు ఏం లేదనుకుంట పోతె, మనిద్దరం ఒకలకొకలం ఏం చెప్పుకోకుంటనే అయిపోతది.

"నేను బాగైతలేనయ్యా. నాకు నొప్పున్నది. గోలి ఏసుకుంటె తగ్గుతది. నీ మొఖం చూడలేక మిషన్ సొరుగుల దాచిన, నువ్వు బజారుకు వోయినప్పుడు ఏసుకుంటున్న. దేవుని మీద నాకు కోపం లేదు, ఆయనతోని నాకు బాగనే ఉన్నది. నీతోనే ఒకటున్నది. నన్ను బాగుచెయ్యమని ఇగ ప్రార్థన చెయ్యకు. నువ్వు గా కూటాలకు, బజార్లకు తిరుగుడు బందువెట్టి నాకాడ ఉండు. భయమైతున్నది నాకు. నువ్వు ఇంట్ల ఉండంగనే నేనొక్కదాన్నే ఉన్నట్టున్నది."

ఇంకా ఏదో చెప్పబోయి ఆగింది. చెప్పాల్సింది ఇక లేదు. సారిక తెర మీదకు వచ్చేసరికి ఆ పిల్ల ముక్కు ఎర్రగా ఉంది.

శనివారం మధ్యాహ్నం యోబు అన్నం తిని వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. గ్లోరియా వెళ్లి, "మామయ్యా, అత్తమ్మ ముచ్చట్లు తయారైనయంట. ముందుగల మీకే ఇమ్మన్నది" అని ఫోను చేతిలో పెట్టి చెవులకు తీగలు తగిలించింది. లోపల మంచం మీద నుంచి కిటికీలో సుగుణమణికి ఆయన వీపు, ఒక చెవి, తెల్లజుట్టు కనబడుతున్నాయి. మధ్యాహ్నం గోలి వేళ ఎప్పుడో దాటింది. గ్లోరియా సొరుగు వైపు చూసింది. "ఇప్పుడొద్దు" అంది సుగుణమణి. ఇంకోసారి దొంగతనంగా మింగడం ఆమెకు ఇష్టం లేదు.

మొదట యోబు కదలకుండా కూర్చున్నాడు. కాసేపటికి భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు. మంచం కిందినుంచి కాళ్లు పట్టి లాగిన దగ్గరికి వచ్చి ఉంటాడు. ఇంకాసేపటికి మళ్లీ నవ్వి తల అడ్డంగా ఊపాడు. అది మిర్చిబజ్జీలే. ఆ తర్వాత ఏం రానుందో తెలుసు గనక సుగుణమణి కళ్లు మూసుకుంది. లేచి వెళ్లి ఆ ఫోను లాక్కోవాలనిపించింది. నస్పూర్ ఆమె గుర్తొచ్చి దుప్పటి అంచు పట్టుకుని ఊరుకుంది. లేచే ఓపికుంటే ఏం చేసేదో చెప్పలేం.

కళ్లు తెరిచేసరికి ఆయన ఫోనును రెండు చేతులతో పట్టుకుని ముందుకు వంగి ఉన్నాడు. ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగయింది, వంటింట్లో గిన్నెలు మోగాయి. ఆయన తలెత్తలేదు. చాలాసేపటికి చెవుల్లో తీగలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. లోపలికి మాత్రం రాలేదు. గేటు బయట ఎవరో పలకరిస్తే వినిపించుకోలేదు. కోపమొచ్చిందని సుగుణమణి అనుకుంది. నన్ను అబద్ధాలకోరు అంటాడు, లేకపోతే విశ్వాసం లేదంటాడు, అంటే అననీ అనుకుంది.

అప్పుడు ఆయన తనే ఒక నంబరు నొక్కి ఫోను చెవికి పెట్టుకున్నాడు. ఆయన గొంతు కిటికీలోంచి లోపలికి వినబడింది.

"అయ్యగారూ, వందనాలు. యోబును. రేపు తెర మీద ఏసేదానికి ఏం లేదండి... లేదండి, ఫోను మంచిగనే ఉన్నది. మా ఇంటామెకు బాగైత లేదు." అక్కడ ఆగాడు. అవతలి నుంచి పాస్టరు గారు ఏదో పెద్దగా చెబుతున్నారు. యోబు అంతా విన్నాడు. "లేదండి. బాగుకాదు. డాక్టర్ నాకు గుడ చెప్పిండు, నేనే ఇనలె. నస్పూర్ ఆమెను రమ్మను. ఇంటికే రమ్మను, సుగుణ మాట్లాడుతది ఆమెతోని. అన్నాలు అందరికీ పెట్టున్రి. మేం రాం." చివరి బెంచీ మనిషి జీవితంలో ఒక్కసారిగా అంత మాట్లాడడం అదే మొదలు.

లోపలికొచ్చి ఆమె వైపు చూడకుండా తిన్నగా కుట్టుమిషను దగ్గరికి వెళ్లాడు. సొరుగు లాగి, దారపు ఉండలు, హుక్కులు పక్కకు నెట్టి గోలీల అట్ట తీశాడు. కళ్లద్దాలు పెట్టుకుని చదవబోయాడు. అక్షరాలు ఆనలేదు.

"ఏ యాళ్లకు ఏసుకోవాలె ఇది?" అని అడిగాడు.

"పగటీలి పన్నెండుకే ఏసుకునేది ఉండె."

యోబు గడియారం వైపు చూశాడు, మళ్లీ ఆమె వైపు చూశాడు. ఆమె ఇన్నాళ్లూ ఏ మొహానికి భయపడిందో సరిగ్గా ఆ మొహమే ఇప్పుడు ఎదురుగా ఉంది. పెదవి వంకర్లు పోతోంది. గడ్డం మీదికి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా ఆయనకు తెలియడం లేదు. సుగుణమణి చూపు తిప్పుకోలేదు. చూస్తే చచ్చిపోతానేమో అనుకుంది గానీ, చూడగలిగింది.

ఆయన గ్లాసుతో నీళ్లు తెచ్చాడు. ఆమె తల కింద చేయి పెట్టి లేపి గోలి మింగించాడు. దిండు సరిచేయబోయి, దాని అంచున నలిగి తడిసిన గుడ్డను చేత్తో తడిమి చూసి దిండు తిప్పి వేశాడు. తర్వాత మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"ఏడ నొప్పి?" అన్నాడు.

ఏడాదిగా ఆ ఇంట్లో ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. సుగుణమణి బొగ్గు మరకలు ఇంకా పూర్తిగా పోని ఆయన చేయి పట్టుకుని, కుడివైపు పక్కటెముకల కింద పెట్టుకుంది.

"ఈడ" అంది.